నాలుగో పేలిక

ఆ ఇంటి పెరట్లో లారీ నాలుగు నెలలుగా నిలబడి ఉంది. చక్రాల కింద గడ్డి మొలిచింది. ముందు అద్దం మీద పక్షులు తమ పని తాము చేసుకుపోయాయి. బట్టలారేసుకునే తాడు ఒక కొస గోడ మేకుకీ, రెండో కొస లారీ పక్క అద్దానికీ కట్టి ఉంది. అంత బండి కళ్ళెదుట ఉన్నా దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే గొడవవుతుంది గనక, పక్కనుంచి తలొంచుకుని నడవడం ఆ ఇంట్లో ఇద్దరూ నేర్చుకున్నారు.

ఇంటాయన మెకానిక్కు. చెవి మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల షెడ్లన్నిటికీ తెలుసు. ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం వింటే లోపల ఏది మూలుగుతోందో చెప్పేవాడు. పదింట తొమ్మిదిసార్లు ఆ మాట నిజమయ్యేది. పదోసారి కూడా నిజమైనట్టే మాట్లాడేవాడు.

ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుడుతుంది. షెడ్డులో పనివాళ్ళంతా ఆవిణ్ణి అక్క అంటారు గనక మనకీ అక్కే. అయితే కడుపులోంచి అక్కా అని పిలిచే సొంత తమ్ముడు ఒక్కడే. ఈ లారీ నడిపింది అతనే. బండిని ఎప్పుడూ పరిగెత్తించడు. మలుపు కనబడితే పావు మైలు ముందే గేరు తగ్గిస్తాడు. తోటి డ్రైవర్లు అతనికి ‘నిదానం’ అని పేరు పెట్టారు. నిదానం బయల్దేరాడంటే సరుకు చేరడం ఖాయం, ఎప్పుడన్నది మాత్రం అడక్కూడదని నవ్వుకునేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

బావా బావమరుదులు కలిసి కొనుక్కున్న బండి అది. ఇంజను బావది, స్టీరింగు బావమరిదిది అని వాటా పెట్టుకున్నట్టుగా పదేళ్ళు నడిచింది. నాలుగు నెలల కిందట కొండ దారిలో ఆయిలు లైటు ఎర్రగా వెలిగింది. నిదానం తన అలవాటు ప్రకారం బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, గేజి పుల్ల లాగి చూశాడు. ఆయిలు నిండుగా ఉంది. మళ్ళీ స్టార్టు చేస్తే లైటు ఆరిపోయింది. రెండు మలుపులు ఎక్కేసరికి మళ్ళీ వెలిగింది. బావకి ఫోను చేశాడు. “పుల్ల మీద ఆయిలుంటే లైటు వైరు పోయుంటుందిరా. మెల్లగా తీసుకొచ్చెయ్” అన్నాడు మేస్త్రి. ఆ మెల్లగా వస్తున్న దారిలోనే లోపల ఇనుము ఇనుమును కొరికి ఇంజను బిగుసుకుపోయింది.

ఇంకో లారీ వెనక కట్టి ఇంటికి లాక్కొచ్చిన రోజున పెరట్లో పదిమంది పోగయ్యారు. మేస్త్రి పుల్ల తీసి చూశాడు. ఆయిలు నిండుగానే ఉంది. “ఇంజను పట్టేశాక డబ్బాతో పోశాడు. లేకపోతే ఆయిలుండగా ఇంజనెలా పట్టేస్తుంది? నిద్రపోతూ నడిపాడు, ఇప్పుడు నాటకాలాడుతున్నాడు” అన్నాడు అందరి ముందూ. నిదానం బావతో వాదించలేదు. అక్క వైపు తిరిగాడు.

“అక్కా, నువ్వు చెప్పు. నేను చూసుకోకుండా నడిపే మనిషినా?”

“మీ బావ మాట ఎప్పుడన్నా తప్పయిందా?” అంది అక్క.

అంతే. అతను తాళంచెవి బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. చెవి మేస్త్రి మాట ఊరంతా తిరగడానికి రెండు రోజులు చాలు. సొంత బావే నమ్మని డ్రైవరుకి ఇంకెవరు స్టీరింగు ఇస్తారు? ఇప్పుడు నిదానం సిమెంటు గోడౌనులో బస్తాలు మోస్తున్నాడు. అక్క ఇంటి గడప తొక్కలేదు.

కొత్తగా ఒక అవకాశం వచ్చింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే ఆయనకి పెద్ద బండి మీదికి నెమ్మదైన మనిషి కావాలి. నిదానం పేరు ఎవరో చెప్పారు. ఆయన జాగ్రత్తపరుడు. “మేస్త్రి ఒక్క మాట చెబితే తీసుకుంటా. ఆదివారం పొద్దున ఇంటికొచ్చి కనుక్కుంటా” అని కబురు పెట్టాడు. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచి అక్క మొగుడి వెనకే తిరిగింది.

“వాడికి ఇదొక్కటే దారండీ. మీరు ఊఁ అంటే వాడు మళ్ళీ మనిషవుతాడు.”

“నోటికొచ్చినట్టు ఊఁ అనడానికి నేనేమన్నా జోస్యం చెప్పేవాణ్ణా?” అన్నాడు మేస్త్రి. “ఆదివారం చాంబర్ దించుతా. అందులో ఏముంటే అదే చెప్తా. సరేనా?”

చాంబర్ అంటే ఇంజను అడుగున ఉండే ఇనప తొట్టి. ఆయిలంతా అందులోనే ఉంటుంది. అది దించితే లోపలి కడుపంతా కనబడుతుంది. ఈ మాట నాలుగు నెలల కిందట అని ఉంటే ఎంత బావుండేదో అనుకుంది అక్క. పైకి సరే అంది.

“షెడ్డుకి లాగించరాదూ? అక్కడ బండి కిందికి దిగి పనిచెయ్యడానికి గొయ్యి ఉంది, పనివాళ్ళున్నారు” అని మాత్రం అడిగింది.

“షెడ్డులో చోటు లేదు” అన్నాడాయన. ఆదివారం షెడ్డుకి సెలవు. షెడ్డంతా ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి అప్పుడు ఆవిడకి తట్టలేదు.

ఆదివారం ఎండ ముదరకముందే పని మొదలైంది. మేస్త్రి చక్రాలన్నిటికీ రాళ్ళు అడ్డం పెట్టాడు. బ్యాటరీ వైరు ఊడదీశాడు. పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి ఇంజను కింద పరిచి వెల్లకిలా దూరాడు. అక్క పక్కన గొంతుక్కూర్చుని లైటు పట్టుకుంది.

మేస్త్రి పనికి కూర్చునే ముందు ఒక తంతు ఉంది. అక్క ఆయనకి నాలుగు పేలికలివ్వాలి. పాత దుప్పటి చింపి, జేబురుమాలంత ముక్కలు కత్తిరించి, చుట్టూ ఎర్రదారంతో మిషను మీద కుట్టి ఇవ్వాలి. వట్టి పేలికైతే పోగులు ఊడతాయి, పోగు ఇంజన్లోకి పోతే ప్రమాదమని ఆయన పట్టుదల. ఎర్రదారమే ఎందుకంటే నల్లటి ఇంజన్లో కంటికి ఆనాలని. చాంబర్ దించాక పైనుంచి ఆయిలు చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతూనే ఉంటుంది. అంచుల్ని గీకి శుభ్రం చేస్తున్నంతసేపూ ఆ చుక్కలు కళ్ళలో పడకుండా ఈ నాలుగు పేలికల్నీ పైన సందుల్లో కుక్కుతాడు. పనయ్యాక తీసి ఇంటికి తెస్తే అక్క లెక్కపెట్టి, సబ్బుపొడిలో ఉడకేసి, మళ్ళీ వాడకానికి మడతపెడుతుంది. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన అలవాటు. “మా అక్క చీరలైనా లెక్కపెట్టుకోదు గానీ పేలికలు లెక్కపెట్టుకుంటుంది” అని నిదానం ఏడిపించేవాడు.

ఈ ఆదివారం కూడా నాలుగు పేలికలూ మడతపెట్టి ఆయన పక్కన పెట్టింది.

ముందు అడుగున ఉన్న పెద్ద బోల్టు వదులు చేసి ఆయిలు బకెట్లోకి వదిలాడు. నల్లగా, చిక్కగా చాలాసేపు కారింది. అందులో ఇత్తడి రజను మెరుస్తోంది. “చూశావా, బేరింగులు పిండయిపోయాయి” అన్నాడు మేస్త్రి లారీ కిందనుంచి. ఆ గొంతులో బాధ కంటే నేను చెప్పలేదా అన్న ధోరణే ఎక్కువ వినబడింది ఆవిడకి.

తరవాత చుట్టూ ఉన్న ఇరవై ఆరు బోల్టులు. ఒక్కొక్కటే ఊడదీసి, స్టీలు పళ్ళెంలో వేస్తూ పైకి లెక్కపెట్టాడు. బోల్టుల దగ్గర ఆయన లెక్క తప్పడు. రెండు మూలల్లో రెండు మాత్రం ఉంచి, కింద జాకీ, జాకీ మీద చెక్కముక్క పెట్టి చాంబర్‌కి ఆనించాడు. మధ్యలో ఉన్న ప్యాకింగ్ అట్ట కరుచుకుని ఉంది. పలచటి బద్ద ఒకటి అంచులో దూర్చి, చెక్క సుత్తితో కొడుతూ చుట్టూ తిప్పుకొచ్చాడు. ఆయన చేతుల పొందిక చూస్తుంటే అక్కకి ఎప్పటిలాగే గర్వం వేసింది. ఈ చేతులు తప్పు చేయవన్న నమ్మకం మీదే ఆవిడ కాపురం ఇన్నేళ్ళు నడిచింది. చివరి రెండు బోల్టులూ తీశాక టప్‌మని చప్పుడై చాంబర్ జాకీ మీదికి దిగింది.

“లైటు ఇటు” అన్నాడు.

ఆవిడ వంగి, చెయ్యి చాచి లైటు లోపలికి పెట్టింది. పైన ఇంజను కడుపులోంచి ఒక గొట్టం కిందికి వేలాడుతోంది. దాని మూతికి జల్లెడ. అడుగున ఉన్న ఆయిలు ఆ జల్లెడలోంచే పైకి ఎక్కాలి. ఆ జల్లెడ కనబడటం లేదు. దాని మూతిని నల్లటి ముద్ద ఒకటి గట్టిగా కప్పేసి ఉంది.

మేస్త్రి దాన్ని లాగాడు. మొదట రాలేదు. వేలితో ఒక అంచు పైకెత్తి ఒలిచాడు. చేతిలోకి వచ్చాక అలవాటుగా పిండాడు. ఆయిలు కారిపోయిన చోట గుడ్డ తేలింది. గుడ్డ అంచున ఎర్రదారం తేలింది.

మేస్త్రి గుప్పిట మూశాడు.

“ఏదో చెత్త” అన్నాడు. వెల్లకిలా పడుకునే ఆ గుప్పిటని చొక్కా జేబులోకి తీసుకెళ్ళి ఖాళీగా బయటికి తెచ్చాడు.

అక్క లైటు పట్టుకున్న చెయ్యి కదలనివ్వలేదు. ఆ కుట్టు తనదే. మూలలో మిషను రెండుసార్లు వెనక్కి తిప్పి ముడి బిగించడం తన చేతివాటం. అయిదు నెలల కిందట చాంబర్ అంచున కారుతోందని ఆయన ఇదే లారీకి షెడ్డులో కొత్త ప్యాకింగ్ వేశాడు. ఆ సాయంత్రం ఉడకెయ్యడానికి తెచ్చిన సంచిలో పేలికలు మూడే ఉన్నాయి. “ఒకటి తక్కువొచ్చిందండీ” అంది. “షెడ్డులో ఎక్కడో పడుంటుంది. పేలిక్కూడా పంచాయితీయా?” అన్నాడు. ఆ పేలిక షెడ్డులో పడలేదు. పై సందులో ఉండిపోయి, కొన్నాళ్ళకి ఊడి ఆయిల్లో పడి, ఇంజను తిరిగినప్పుడల్లా జల్లెడకి అతుక్కుని, ఆపినప్పుడు జారిపోతూ వచ్చి, ఆఖరికి వదలకుండా బిగుసుకుంది. అందుకే నిదానం ఆపి మళ్ళీ స్టార్టు చేసినప్పుడు లైటు ఆరింది. తొట్టి నిండా ఆయిలు పెట్టుకుని ఇంజను దాహంతో చచ్చింది.

మూడు అన్న అంకె ఆవిడకి ఇప్పుడు కొత్తగా గుర్తు రాలేదు. ఇంజను పట్టేసిన రోజున, పదిమంది మధ్య తమ్ముడు తన వైపు తిరిగి నువ్వు చెప్పు అన్నప్పుడే గుర్తొచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని, మొగుడి పేరు నలుగురిలో పోతుందని మింగేసింది. పేలికకీ ఇంజనుకీ సంబంధమేమిటిలే అని తనకి తానే చెప్పుకుంది. నాలుగు నెలలపాటు రోజుకోసారి చెప్పుకుంది.

గేటు చప్పుడైంది. ట్రాన్స్‌పోర్టు ఆయన వచ్చాడు.

మేస్త్రి కిందనుంచి బయటికి జరిగి, కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తేలు కుట్టిన దొంగకి అరవడానికి లేదు గనక ఆయన మామూలుగానే మాట్లాడాడు. రండి కూర్చోండి అన్నాడు. అక్క టీ తెచ్చింది.

“చాంబర్ దించినట్టున్నారు. సరే, మీ బావమరిది సంగతేంటి మేస్త్రీ?” అన్నాడు ఆయన గ్లాసు అందుకుంటూ. “మీరెలా చెబితే అలా.”

“బేరింగులు పోయాయండి. ఆయిలందక పోయాయి” అన్నాడు మేస్త్రి. అందులో అబద్ధం లేదు. కొంచెం ఆగాడు. అక్క ఆయన నోటివైపే చూస్తోంది. ఏముంటే అదే చెప్తానన్న మనిషి చెప్తాడని ఇంకా ఆశపడుతోంది. “నా వాడని చెప్పుకోవడం కాదు గానీ, మనిషి మంచోడే. బండి దగ్గర మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండాలి. మీ బండి కొత్తది కదా, మీరే ఆలోచించుకోండి.”

ఆ మాటంటున్నంతసేపూ ఆయన చొక్కా జేబు దగ్గర నల్లటి మచ్చ పెద్దదవుతూ ఉంది. ట్రాన్స్‌పోర్టు ఆయన తల పంకించి గ్లాసు బల్లమీద పెట్టాడు. ఇంక లేస్తాడు.

అక్క వెళ్ళి మొగుడి జేబులో చెయ్యి పెట్టింది. పరాయి మనిషి ముందు ఆయన పేరైనా పలకని మనిషి అలా చేసేసరికి మేస్త్రి కదలనైనా లేదు. ఆవిడ పేలికని తీసి బల్లమీద, టీ గ్లాసు పక్కన పరిచింది.

“ఇది చాంబర్లో దొరికిందండి. జల్లెడకి అడ్డంపడింది. అయిదు నెలల కిందట ఈయన పనిచేసినప్పుడు లోపల ఉండిపోయింది. కుట్టింది నేనే. నా తమ్ముడు తప్పు చెయ్యలేదు.”

ట్రాన్స్‌పోర్టు ఆయన పేలికని చూశాడు, మేస్త్రిని చూశాడు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. “రేపు పొద్దున ఆఫీసుకి రమ్మనమ్మా” అన్నాడు ఆవిడతో. మేస్త్రి వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయాడు.

“ముప్పై ఏళ్ళ పేరు” అన్నాడు మేస్త్రి. “ఒక్క పేలికతో తుడిచేశావు.”

“వాడిది కూడా పేరే కదండీ.”

“ఆయన వెళ్ళాక నాకు చెప్పకూడదా? నేనే మెల్లగా సర్ది చెప్పేవాణ్ణి కదా.”

“షెడ్డులో చోటు లేదన్నారు” అంది అక్క. “ఆదివారం షెడ్డులో ఏం బళ్ళుంటాయండీ?”

ఆయన బోల్టుల పళ్ళెం దగ్గరికెళ్ళి, ఇరవై ఆరూ ఉన్నాయో లేదో మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇంజను మూలుగు వినే ఆ చెవికి ఈ సంగతి ఎప్పుడో వినబడి ఉంటుందని ఆవిడకి తెలిసిపోయింది. నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటూ, ఇద్దరూ ఒకే సంగతిని చెరో పక్కనుంచి కప్పుకుంటూ వచ్చారు. ఆవిడకి అసహ్యం వేసింది. ఎవరి మీదన్నది ఆలోచించకుండా పేలికని కాగితంలో చుట్టుకుని బయల్దేరింది.

గోడౌనుకి ఆదివారం లేదు. వాకిట్లో లారీ వెనక్కి తిరిగి ఉంది. నిదానం బస్తా వీపు మీద వేసుకుని గోడౌను చెక్క మెట్లు ఎక్కుతున్నాడు. జుట్టు, కనురెప్పలు, చెవులు అన్నీ సిమెంటు రంగులో ఉన్నాయి. స్టీరింగు దగ్గర నిటారుగా కూర్చునే మనిషి నడుము దగ్గర వంగి నడుస్తున్నాడు. ఇక్కడ మాత్రం నిదానంగా నడవనివ్వరు, వెనకవాడు తోస్తాడు. అక్కని చూసి బస్తా దించి వచ్చాడు.

“ఏంటక్కా, ఇంత దూరం వచ్చావు? బావ బావున్నాడా?”

అక్క కాగితం విప్పి పేలిక చూపించింది. జల్లెడ సంగతి చెప్పింది, ట్రాన్స్‌పోర్టు ఆయన ముందు తాను చేసింది చెప్పింది, రేపు పొద్దున రమ్మన్నారని చెప్పింది. చెబుతూ తమ్ముడి ముఖంలో వెలుగు కోసం చూసింది. రావాలి కదా. నింద పోయింది, పని వచ్చింది.

నిదానం పేలికని చేతిలోకి తీసుకున్నాడు. సిమెంటు వేళ్ళతో ఎర్రదారం వెంట మెల్లగా చుట్టూ తడిమాడు.

“నాలుగోదన్నమాట” అన్నాడు.

“అవున్రా.”

“ప్యాకింగ్ వేసిన రోజు మూడే తిరిగొచ్చాయా?”

అక్క అవునని తల ఊపింది. ఊపాక గానీ అతను అడిగిందేమిటో ఆవిడకి అర్థం కాలేదు.

“అప్పుడే లెక్కపెట్టావు కదా. నువ్వు లెక్కపెట్టకుండా ఉడకెయ్యవు.”

“పెట్టాను.”

“పెరట్లో అందరి ముందూ నేను నిన్ను అడిగినప్పుడు ఆ లెక్క గుర్తుందా?”

ఆవిడ ఏడుస్తూ నిలబడింది. లేదని ఒక్క అబద్ధం చెబితే అతను నమ్మేవాడు. ఆ తమ్ముడు అక్క మాట ఎప్పుడూ నమ్ముతాడు. ఆ అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు.

నిదానం పేలికని నాలుగు మడతలు పెట్టాడు, ఆవిడ పెట్టే పద్ధతిలోనే. తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

“రేపు వెళ్తాలే. పని కావాలి కదా” అన్నాడు. వెనక్కి తిరగబోయి ఆగాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బావుండేది. “బావంటే మర్చిపోయాడక్కా. మనిషన్నాక మర్చిపోతాడు. నువ్వు మర్చిపోలేదుగా.”

లారీ మీంచి ఎవరో కేకేశారు. అతను వెళ్ళి వంగి నిలబడ్డాడు. వాళ్ళు వీపు మీద ఇంకో బస్తా పెట్టారు.